డేగ రెక్క మీద గీత

ఆ ఎండాకాలం ఎంత మండిందంటే, మా ముందుగది గోడ గడియారాలన్నీ చెమటలు కక్కి ఒంటిగంట దగ్గర స్పృహ తప్పి పడిపోయాయి. చెమటల సంగతి నేను కల్పించాను. ఆగిపోవడం మాత్రం నిజం. వాటిని బాగుచెయ్యాల్సిన మనిషి మా నాన్న. ఆయన ఆ కాలమంతా వాటి జోలికి పోలేదు. ఎవరైనా చేతి గడియారం పట్టుకొస్తే తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విని, దీని సామాను ఇప్పుడు దొరకడం లేదండీ అని తిరిగి ఇచ్చేసేవాడు. ఊళ్ళో గడియారాల సామానంతా కట్టకట్టుకుని ఎక్కడికి పోయిందని నేను అడగలేదు. కాలేజీకి సెలవులు కదా, తీరిక లేదు. మా బావ స్కూటరు వెనక "ఈ బండి ఉచితంగా ఇవ్వబడును" అని ఆయన ఫోను నంబరుతో సహా కాగితం అంటించి, వచ్చే ఫోన్లకి ఆయనేం చెప్తాడో పక్కన కూర్చుని వినాల్సిన పని ఉంది.

ఇంట్లో నా మాట ఎవరూ నమ్మరు. వాన పడుతోందని నేనంటే మా అమ్మ తీగ మీది బట్టలు తియ్యదు. ఆ వానే తడిసి లోపలికొచ్చి చెప్పాలి.

కానీ ఒక్కచోట నేను అబద్ధమాడను. అది నాన్న బల్ల దగ్గర.

గడియారాల బల్ల మీదే నాన్న పాత సైనిక బిళ్ళలు చూసేవాడు. టోపీకీ భుజానికీ పెట్టుకునే ఇత్తడి బిళ్ళలు, ఇప్పుడు లేని దళాలవి. వాటిని సేకరించే పిచ్చివాళ్ళకి ఇంటర్నెట్‌లో ఒక గుంపుంది. అమ్మేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు. వాళ్ళలో సగం మంది నిన్న పోత పోసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఇవాళ తాతల నాటిదని ఫోటో పెట్టే రకం. అందుకని ఆ గుంపులో ఒక ఆనవాయితీ పడిపోయింది. ఎవరు ఏ బిళ్ళ కొన్నా, పెట్టెలో దాచుకునే ముందు మా ఇంటికి పంపాలి. నాన్న కంటికి భూతద్దం బిగించి, బిళ్ళని వెనక్కి తిప్పి, గోటితో ఒకసారి గీకి, ఒకే ఒక్క మాట చెప్పేవాడు. స్టీలు దిమ్మల మధ్య రేకు పెట్టి కొట్టిందైతే "అచ్చు". అది అసలుది. అసలుదాని మీద మూస తీసి, లోహం కరిగించి పోసిందైతే "పోత". అది నకిలీ. నేను ముందూ వెనకా ఫోటోలు తీసి, కింద ఆ మాట రాసి గుంపులో పెట్టేదాన్ని. "పోత" అని పడిందంటే అమ్మినవాడు అక్కడ మళ్ళీ మొహం చూపించలేడు. నాన్న "అచ్చు" అన్నాక భూకంపం వచ్చినా అది అచ్చే.

ఈమధ్య ఆయన నాకు కూడా విద్య నేర్పుతున్నాడనుకున్నాను. అంచు చూడు చిన్నీ, కత్తిలా ఉందా, అరిగిన సబ్బులా ఉందా అనేవాడు. గుంటల్లో సూదిమొనంత బెజ్జాలున్నాయా అనేవాడు, కొలిచి చెప్పమనేవాడు. నేను చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. ఆ బల్ల దగ్గర అబద్ధమాడితే నాలుక మీద మొటిమ లేస్తుందని చిన్నప్పుడు ఆయనే చెప్పాడు. నన్ను మించిన అబద్ధాలకోరు మా ఇంట్లో ఆయనొక్కడే కాబట్టి గౌరవం కొద్దీ నమ్మాను.

గుంపులో అందరూ కలవరించే బిళ్ళ ఒకటుంది. డేగ. ఎప్పుడో రద్దయిపోయిన ఒక కొండ దళం టోపీ బిళ్ళ అది. రెక్కలు చాచిన డేగ, దాని గోళ్ళ కింద ఆవగింజంత గుండు. నాన్న దగ్గర ఒకటుంది. పెళ్ళికి ముందు ఒక ముసలి సిపాయి గడియారం బాగుచేస్తే, ఆయన జేబులోంచి తీసి చేతిలో పెట్టాడట. దాన్ని గాజు ఫ్రేములో బిగించి బల్ల ఎదుటి గోడకి తగిలించాడు. పొద్దున్నే లేచి మెత్తటి గుడ్డతో ఆ గాజు తుడిచి, "ఏం దొరా, బాగున్నావా" అని డేగని పలకరించాకే మా వంతు వచ్చేది. అమ్మ దాన్ని తన సవతి అనేది.

మామూలుగా ఏ అయిదారేళ్ళకో ఒక డేగ బయటపడుతుంది. ఆ ఎండాకాలం మాత్రం గూడు చెదిరినట్టు ఒకదాని వెంట ఒకటి వచ్చి మా బల్ల మీద వాలాయి. ప్రతిదాన్నీ నాన్న తిప్పి, గీకి, నన్ను అడగాల్సినవి అడిగి, "అచ్చు" అన్నాడు. నేను అదే రాశాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గుంపులో ఉన్న ఒక బస్సు డ్రైవరు రెండు ఫోటోలు పెట్టాడు. ఒకటి తన డేగ, ఇంకొకటి వేరే ఊరాయన డేగ. రెండింటికీ ఎడమ రెక్క మీద ఏటవాలుగా ఒక గీత. అదే చోట, అదే పొడవు. గీత అనేది ఎక్కడో పడితేనో, ఏదో గీసుకుంటేనో వస్తుంది, ఒకే దెబ్బ రెండు బిళ్ళలకి ఎలా తగులుతుందండీ అని రాశాడు. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు.

అవసరం కూడా లేదు. గీత ఉన్న డేగ మీద మూస తీస్తే గీత కూడా మూసలోకి వస్తుంది. ఇక ఎన్ని పోస్తే అన్నిటికీ అదే గీత. అంటే అవి పోతలు. వాటిని అచ్చన్నది మా నాన్న.

సాయంత్రానికి గుంపు పెద్దాయన రంగంలోకి దిగాడు. ఆయన్ని నేను సేనాపతి అంటాను. జీవితమంతా సిమెంటు గోడౌనులో మేనేజరుగా చేశాడు, కానీ ఏది రాసినా యుద్ధం ప్రకటించినట్టే రాస్తాడు. సెలవుల చివరి ఆదివారం పొద్దున డేగలున్న సభ్యులందరూ వాటితో సహా మా ఇంటికి వస్తారట. అందరి ముందూ నాన్న ఏది అచ్చో ఏది పోతో వేరుచేసి చూపించాలట. చూపించలేకపోతే ఇన్నేళ్ళుగా ఆయన ఇచ్చిన మాట ఒక్కటి కూడా ఇకమీదట చెల్లదట. ఆఖర్న ఇంకో వాక్యం. పోసేవాడికీ చూసేవాడికీ ఏమైనా సంబంధముందో లేదో కూడా ఆరోజే తేలాలి.

నాన్న చదవమంటే నేనే పైకి చదివాను. ఆ ఆఖరి వాక్యం మింగేద్దామనుకున్నాను గానీ, కూర్చున్నది బల్ల దగ్గర. విని, భూతద్దం తీసి డబ్బాలో పెట్టాడు.

"పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది చిన్నీ. నువ్వే కదా కొలిచి చెప్పావు, వెంట్రుకంత కూడా తగ్గలేదని. కుంచించుకోని పోత ఎవడు పోస్తాడు?"

నాకు తెలీదన్నాను. రమ్మని రాయి అన్నాడు. ఆ పూట కంచం ముందు కూర్చుని, ఎవరో తినిపిస్తారని చూస్తున్నట్టు చాలాసేపు అలాగే ఉన్నాడు.

మనుషులొస్తున్నారు, ఇల్లు చూస్తే యుద్ధం జరిగి ఓడిపోయినట్టుందని అమ్మ దులపడం మొదలుపెట్టింది. ముందుగది నా వాటాకి వచ్చింది. స్టూలెక్కి నాన్న డేగ ఫ్రేము కిందికి దించాను. గోడ మీద ఉన్నంతకాలం దాన్ని ఎదురుగానే చూశాం. చేతిలో పట్టుకుని కిటికీ వైపు తిప్పితే వెలుతురు పక్కనుంచి పడింది.

ఎడమ రెక్క మీద ఏటవాలుగా గీత.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఆ పోతలన్నిటికీ తల్లి ఇదే. ఇది ఈ గోడ మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. దీన్ని దించి, మూస తీసి, మళ్ళీ తగిలించిన మనిషి మా ఇంట్లో చెప్పులు విప్పే మనిషే. ఆదివారం సేనాపతి వచ్చి ఒక్కసారి ఈ గోడ వైపు చూశాడంటే, పోసేవాడూ చూసేవాడూ ఒకడేనని తేల్చేస్తాడు. నాన్నకి చెప్తే ఇంకా ప్రమాదం. ఆయనే వెంటనే గుంపులో రాయించేస్తాడు, అదీ నా చేతే.

అందుకని డేగని తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దించాను. ఖాళీ ఫ్రేము చూస్తే నాన్న గోల చేస్తాడు. చేతికందింది ఒక సోడా సీసా మూత. ఇత్తడి రంగుదే. దాన్ని డేగ చోట అంటించి, గాజు బిగించి, తగిలించేశాను. రేపు పొద్దున ఆయన చూసి అరిస్తే, బాగుచేయించడానికి తీశానని ఏదో ఒకటి చెప్పొచ్చు. గోడ దగ్గర అబద్ధమాడొద్దని ఎవరూ అనలేదు.

పొద్దున నాన్న లేచాడు. గుడ్డ తీశాడు. మూలలు వదలకుండా గాజు తుడిచాడు.

"ఏం దొరా, బాగున్నావా," అన్నాడు సోడా మూతతో.

నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. అమ్మో, ఇది నా మీద ఎత్తుకి పైఎత్తు అనుకున్నాను. తెలిసీ తెలియనట్టు ఉండి, నా అంతట నేనే బయటపడే దాకా ఆగుతున్నాడు. మర్నాడూ పలకరించాడు. ఆ మర్నాడూ అంతే. మొహంలో ఒక్క కండరం కదల్లేదు. ఇంతటి నటుడి కడుపున పుట్టినందుకు గర్వపడ్డాను.

ఈలోపు దొంగని పట్టాలి. మా ఇంట్లో చెప్పులు విప్పేది నేనూ నాన్నా కాక ముగ్గురు. అమ్మ, అక్క, బావ. అమ్మ బిళ్ళ పోసే మనిషైతే ఇంట్లో అన్ని గిన్నెలకి సొట్టలుండవు. అక్క పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది, రోజంతా జనం దవడలతోనే సరిపోతుంది. బావకి స్కూలు యూనిఫారాల కొట్టుంది. బొత్తాలూ బకిళ్ళూ బెల్టులూ, డబ్బాల నిండా స్కూలు బ్యాడ్జీలు. నా మనసులో బావని అప్పటికే అరెస్టు చేసి, జైలుకి క్యారేజీ ఎవరు పంపాలా అని కూడా ఆలోచించేశాను. కానీ రుజువు కావాలి.

అందుకని ముగ్గురికీ మూడు అబద్ధాలు చెప్పాను. నా పేరున చెప్తే నమ్మరు గనక నాన్న పేరున చెప్పాను. నాన్న అసలు డేగకి కొత్త గుర్తు కనిపెట్టాడు, గుంపులో ఇంకా చెప్పలేదు, ఎవరితోనూ అనొద్దన్నాడు, అని. బావకేమో తోక కింద చిన్న చుక్క ఉంటుందని చెప్పాను. అక్కకి, కుడి రెక్క చివరి ఈకకి చిన్న గాటు ఉంటుందని. అమ్మకి, డేగ ముక్కు కాస్త వంకరని. అమ్మ సరేలే గాని ముందా స్టవ్ కట్టెయ్ అంది. బావ నా వైపు అదోలా చూసి, "మరదలా, నా స్కూటరు కోసం నిన్న కూడా ఇద్దరొచ్చారు," అన్నాడు. అక్క మాత్రం చేతిలో పని ఆపింది.

"నాన్నే కనిపెట్టాడా? తనే చూశాడా?"

అవునన్నాను. అక్క మొహం దీపం వెలిగించినట్టయింది. ఏమిటో అనుకున్నాను.

అక్కణ్ణుంచి రోజూ అమ్మకాల పేజీలు గాలించడమే నా పని. సేనాపతి గుంపులో రోజులు లెక్కపెడుతున్నాడు. ఒకప్పుడు నాన్నని గురువుగారూ అన్నవాళ్ళు ఇప్పుడు ఏమీ అనడం లేదు. పార్సిళ్ళు రావడం ఆగిపోయింది. నాన్న ఖాళీ బల్ల ముందు కూర్చుని దాన్నే తుడిచేవాడు.

ఆదివారం దగ్గరపడ్డాక ఒక కొత్త డేగ అమ్మకానికి వచ్చింది. ఫోటో పెద్దది చేసి ముందు తోక కింద చూశాను. చుక్క లేదు. ముక్కు వంకర లేదు. కుడి రెక్క చివరి ఈక దగ్గరికి వెళ్ళాను.

గాటు ఉంది.

అక్క ల్యాబుకి నడిచి వెళ్ళానో పరిగెత్తానో గుర్తులేదు. ఊళ్ళో సగం మంది నవ్వు ఆ అల్మరాల్లో ఉంటుంది. ప్లాస్టరు దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని, నేను రాగానే అన్నీ ఒకేసారి నా వైపు చూశాయి. అక్క చిన్న కత్తితో మైనం పన్ను చెక్కుతోంది. పక్కన సన్నటి మంట. చిన్న కొలిమి ఒకటి మూలన గుర్రుమంటోంది. అది చూసి నాకు అర్థమైంది. పన్ను పోత పోసినప్పుడు వెంట్రుకంత కుంచించుకున్నా నోట్లో సరిపోదు. కుంచించుకోకుండా పొయ్యడం వీళ్ళకి రోజువారీ పని.

ఫోను ఒక దవడ పక్కన పెట్టాను. అక్క చూసింది.

"గాటు బాగా కుదిరింది కదా," అంది.

"ఆ గాటు నేను కల్పించింది అక్కా. అసలుదానికి లేదు."

పట్టుబడ్డందుకు భయపడుతుందనుకున్నాను. భయపడింది గానీ, అందుక్కాదు. కత్తి కింద పెట్టి, మంట ఆర్పేసింది.

"అయితే నాన్న ఏమీ కనిపెట్టలేదా?"

లేదన్నాను.

"నువ్వు ఆ మాట చెప్పిన రోజు ఎంత సంబరపడ్డానో తెలుసా నీకు? ఈకకి గాటు చూడగలిగాడంటే నాదే పొరపాటు, ఆయన చూపు బాగానే ఉంది అనుకున్నాను. అందుకే ఆ గాటు కూడా పెట్టి ఇంకొకటి పోశాను, గాటు చూసిన కన్ను ఈసారి నా పోతని పట్టేస్తుందని."

అప్పుడు చెప్పుకొచ్చింది. చలికాలంలో తను చేసిన పన్ను ఒకటి నాన్నకి చూపించిందట. తలకిందులుగా పట్టుకుని, భలే కుదిరిందే అన్నాడట. కళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం అంటే, నా కళ్ళు మీ అందరి కళ్ళ కంటే ఎక్కువకాలం బతుకుతాయని లేచి వెళ్ళిపోయాడట. వారం పాటు అక్కతో మాట్లాడలేదట. దాంతో గోడ మీది డేగని ఒక ఆదివారం భోజనాలయ్యాక దించి, మేమంతా నడుం వాల్చినప్పుడు మూస తీసుకుంది. మొదటిది పోసి మారుపేరుతో అమ్మింది. కొన్నవాడు ఎవడైనా దాన్ని మా ఇంటికే పంపుతాడని తెలుసు.

నేరుగా చూపించొచ్చుగా అన్నాను.

"నేను చూపిస్తే నా మొహం చూసి చెప్తాడే. నాకు ఆయన బిళ్ళ చూడటం కావాలి. కొన్న ప్రతివాడికీ ఎవరి డబ్బు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తాను, అది కాదు. గోళ్ళ కింద చూడు."

ఫోటోని ఇంకా పెద్దది చేశాను. డేగ గోళ్ళ కింద ఉండాల్సిన గుండు లేదు. దాని చోట, నాలుగు మెట్టలతో, కింద రెండు వేర్లతో, చిట్టి దవడ పన్ను ఉంది. ఒకసారి చూశాక ఇక అది తప్ప ఇంకేం కనపడలేదు. డేగ ఎవరి నోటినుంచో పీక్కొచ్చినట్టుంది.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఆయనకి కనపడాలని ఒక్కోదానికీ ఇంకాస్త పెద్దది చేస్తూ వచ్చాను. ఇంకొన్ని పోస్తే డేగ కంటే పన్నే పెద్దదయ్యేది. ఒక్కరు చూడలేదు. ఆయన అచ్చు అన్నాక ఎవరు చూస్తారు? ఫోటోలు తీసిన నువ్వే చూడలేదు."

నేను ఆయన అడిగినవి మాత్రమే చూశాను. అంచులు, బెజ్జాలు, కొలత. అది విద్య నేర్పడం కాదని, నా కళ్ళు అరువు తీసుకోవడమని అప్పుడు తట్టింది.

సోడా మూత సంగతి కూడా ఉంది కదా, దాంతో అక్కని నవ్విద్దామని మొదలుపెట్టాను. సగం చెప్పేసరికి నా గొంతే నాకు వేరేగా వినపడింది. అక్క నవ్వలేదు.

"రోజూ తుడుస్తున్నాడా?"

"రోజూ."

"పలకరిస్తున్నాడా?"

నేను తల ఊపాను. దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని అలాగే చూస్తున్నాయి.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పేద్దామన్నాను. అక్క వద్దంది. ఎవరో చెప్తే తెలిసిందంటే ఆయన ఆ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోడంది. ఆదివారం తను వచ్చి అందరి ముందూ ఒప్పుకుంటుందట. కానీ దానికి ముందు ఒక్కసారి, ఆయన నోటినుంచే, తను పోసినదాన్ని పోత అనగా వినాలట.

"అనకపోతే?" అన్నాను. అక్క మళ్ళీ మంట వెలిగించి, సగం చెక్కిన పన్ను చేతిలోకి తీసుకుంది.

ఆదివారం పొద్దున వాళ్ళు రానే వచ్చారు. సేనాపతి ఇస్త్రీ చేసిన చొక్కాలో ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. బస్సు డ్రైవరు తప్పంతా తనదే అన్నట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మిగతావాళ్ళు ఇటూ అటూ సర్దుకున్నారు. అమ్మ టీలు ఇచ్చింది. అక్క వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉంది, వెనక బావ, ఏం జరుగుతోందో పాపం ఏమీ తెలియని బావ. బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, డేగలన్నీ వరసగా పెట్టించాడు సేనాపతి.

"మొదలుపెట్టేముందు మీ సొంత డేగని చూడాలి. దాంతోనే కదా మీరు పోల్చి చెప్పేది," అన్నాడు.

నా గుండె జారి ఎక్కడ పడిందో వెతుక్కునే వ్యవధి కూడా లేదు. నాన్న కుర్చీలోంచి లేచాడు. వాళ్ళు గదిలోకి వచ్చాక మొదటిసారి ఆయన మొహంలో వెనకటి కళ కనిపించింది. గోడ దగ్గరికి నడిచి, ఫ్రేము మీద చెయ్యేశాడు.

"ఇదిగో. ఇది నా పెళ్ళికి ముందునుంచీ నా దగ్గరుంది. ఇంతటి అచ్చు మళ్ళీ ఎక్కడా పడలేదండీ. ఆ రెక్కల పదును చూడండి."

సేనాపతి దగ్గరికెళ్ళి చూశాడు. డ్రైవరు కూడా మెడ సాచి చూశాడు. గాజు వెనక సోడా మూత మెరిసిపోతోంది. దాని మీద కంపెనీవాడి నిమ్మకాయ బొమ్మ కూడా ఉంది. సేనాపతి మూతని చూశాడు, నాన్న చేతిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకోలేదు. ఏం చెయ్యాలో తెలియక అలాగే చూస్తూ ఉన్నాను.

"చాలా మంచి స్థితిలో ఉంది," అన్నాడు సేనాపతి.

ఆయన గొంతు అంత మెల్లగా వస్తుందని గుంపులో ఎవరికీ తెలిసి ఉండదు.

నాన్న వచ్చి కూర్చున్నాడు. భూతద్దం బిగించాడు. మొదటి డేగ తీసి, వెనక్కి తిప్పి, గోటితో గీకాడు. అంచు ఎలా ఉందని నన్నడిగాడు. కత్తిలా ఉందన్నాను. బెజ్జాలు? లేవు. ఇక "అచ్చు" అనబోతున్నాడు. ఆ మాట కోసం ఆయన పెదవులు ఎలా కదులుతాయో నాకు తెలుసు. గుమ్మం దగ్గర అక్క చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆయన అడగనిది కూడా నేను చెప్పొచ్చు. కానీ అది ఆయన చూసినట్టవదు. అడుగు నాన్నా, ఇంకొక్కటి అడుగు అని లోపల మొత్తుకున్నాను.

నాన్న ఆగాడు. బొటనవేలితో డేగని మళ్ళీ ఒకసారి, ఈసారి ముందువైపు, తల నుంచి తోక దాకా మెల్లగా తడిమాడు. వేలు ఒకచోట నిలబడిపోయింది. గడియారం పళ్ళ చక్రంలో ఒక పన్ను వంగి ఉన్నప్పుడు ఆయన వేలు అలాగే ఆగేది.

"చిన్నీ, గోళ్ళ కింద ఏముంది?"

"దవడ పన్ను ఉంది నాన్నా."

గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అమ్మ వెనకనుంచి, ఒసేయ్, ఇది వేళాకోళాల సమయమా అంది. బావ తల పట్టుకున్నాడు. నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లో ఇంత అబద్ధంలా ఉన్నది ఇంకొకటి లేదు.

నాన్న నవ్వలేదు, కసరలేదు. బల్ల దగ్గర నేనేం చెప్తానో ఆయనకి తెలుసు. వేలు మళ్ళీ అక్కడే పెట్టి, ఆ నాలుగు మెట్టలూ లెక్కపెట్టుకున్నట్టుగా తడిమాడు. తర్వాత భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"పోత," అన్నాడు. కాస్త ఆగి, "పోసింది మా పెద్దది," అన్నాడు.

అక్క కోసం తల తిప్పాడు గానీ, ఆయన తిరిగిన వైపు అక్క లేదు, బట్టల అల్మరా ఉంది. "ఇలా రా అమ్మా," అన్నాడు అల్మరాతో. అక్క వచ్చి ఆయన మోకాలి పక్కన కింద కూర్చుంది.

ఆయన తువ్వాలు ఆమె వైపు జరిపాడు. అక్క ఒక్కో డేగ ఎత్తి చూసి చెప్పసాగింది. నాది. నాది. ఇదీ నాదే. ఒకదాని దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, ఇది నాది కాదు, ఇది అచ్చు అంది. ఆ డేగ తాలూకు ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. వెనక బావ, రోజూ ఆలస్యంగా వస్తుంటే జనానికి నిజంగానే అన్ని పళ్ళు ఊడుతున్నాయనుకున్నాను అని తనలో తను అనుకున్నాడు.

తర్వాత అక్క లేచి నిలబడి, పోసిందీ అమ్మిందీ తనేనని, మూస విరగ్గొట్టేశానని, ఎవరి డబ్బు వాళ్ళకి ఇచ్చేస్తానని చెప్పింది. ఎందుకు పోసిందో చెప్పబోతే నాన్న చెయ్యి ఎత్తాడు.

"అది నేను చెప్తాను. చలికాలం నుంచీ నాకు కనపడటం లేదండీ. చిన్నదాని కళ్ళతో చూస్తూ వచ్చాను. దానికీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. నేను అచ్చన్నవన్నీ మళ్ళీ చూపించుకోండి."

సేనాపతి లేచి చొక్కా సర్దుకున్నాడు. ఆయన తీర్పు కోసం అందరూ చూశారు. పోసినావిడ గుంపులో ఇకమీదట ఏదీ అమ్మడానికి వీల్లేదన్నాడు. చూసినాయనకి కళ్ళు బాగయ్యేదాకా సెలవు మంజూరు చేస్తున్నానన్నాడు. అంతవరకూ గుంపులో ఎవరూ కొత్త బిళ్ళలు కొనకూడదట. వెళ్ళేముందు డ్రైవరు అక్క దగ్గరికొచ్చి, తన డేగని వెనక్కి ఇవ్వనని, పన్ను ఉన్నది ఎలాగూ ఇంకెవరి దగ్గరా దొరకదని నసిగాడు. సేనాపతి చివరగా గోడ ముందు ఆగి, ఫ్రేము వంక ఇంకోసారి చూసి, "జాగ్రత్త," అని నాతో మాత్రమే అని వెళ్ళిపోయాడు.

నాన్న కంటి శుక్లాల ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. ఒప్పుకునేముందు డాక్టరు వాడే పనిముట్లన్నీ తెప్పించుకుని, వేలితో తడిమి, ఇవి అచ్చేనా అని అడిగాడని నేను ఊరంతా చెప్పాను. మొదటి వాన పడేసరికి రెండో కంటి కట్టు కూడా ఇప్పేశారు. నల్లద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి, కొన్నాళ్ళు మంచం మీద గుడ్లగూబలా కూర్చున్నాడు.

డేగని తీసి ఫ్రేములో పెట్టేస్తానని నేను చాలాసార్లు అన్నాను. ఉండనీ, అంది అక్క.

నల్లద్దాలు తీసెయ్యొచ్చన్న రోజు పొద్దున్నే అక్కా బావా ఏదో పనున్నట్టు వచ్చారు. అమ్మకి వంటింట్లో పని లేదు, అయినా గరిట పట్టుకుని నిలబడింది. ముందుగదిలో నాన్న లేచిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికెళ్ళిన చప్పుడు. తర్వాత గాజు మీద గుడ్డ. ఒక మూల, రెండో మూల. మా నలుగురిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

గుడ్డ చప్పుడు ఆగింది.

"చిన్నీ," అని పిలిచాడు నాన్న. "ఈ సోడా మూత ఎవరు పెట్టారే ఇక్కడ?"

అమ్మ గరిట కింద పెట్టేసింది. అక్క గోడకి జారబడి అలాగే కిందికి దిగి కూర్చుండిపోయింది. నేను బియ్యం డబ్బా మూత తీసి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. డేగ వెంటనే దొరకలేదు.